పళ్లు లేని గీత

కొత్తగా వచ్చి కూర్చున్నవారి కోసం, ఇంతవరకూ జరిగింది నాలుగు మాటల్లో.

రెండేళ్ల కిందటి తుఫానుకు సముద్రం పొలాల మీదికి వచ్చింది. నీళ్లు వెళ్లిపోయాయి గాని ఉప్పు ఉండిపోయింది. తీరం పొడవునా నలభై ఊళ్లలో మామూలు వరి పండడం మానేసింది. జనం ఏటికేడు పెరుగుతున్నారు, బియ్యం దుకాణాల ముందు వరసలు పొడుగవుతున్నాయి, పండే నేల మాత్రం కుంచించుకుపోతోంది. ఆ ఉప్పును ఓర్చుకుని పండగలిగే వరి ఒక్కటే మిగిలింది. ఎవరి తాతలనాటి రకమో, సరైన పేరు కూడా లేదు. అందరూ ఉప్పువడ్లు అంటారు. విత్తన నిల్వ కేంద్రం చల్లగదిలో, ఏడో అరలో, అవి నలభై బస్తాలున్నాయి. ఊరికొక బస్తా. ఈ ఏడు ఆ బస్తా పండితే వచ్చే ఏడు ఊరంతటికీ విత్తనం అందుతుంది. లారీలు సోమవారం పొద్దున్నే కదలాలి.

గింజ బతికుందో లేదో చూసి చెప్పడం ఆ కేంద్రంలో ఒకమ్మాయి ఉద్యోగం. వంద గింజలు తడికాగితం మీద పేర్చి, ఎన్ని మొలిచాయో లెక్కపెడుతుంది. అందుకే అందరూ ఆమెను మొలకలమ్మాయి అంటారు. ఉప్పువడ్లు వందలో ఆరే మొలిచాయి. పుస్తకంలో ఆరు అని రాసి, సొరుగుకు తాళం వేసి ఇంటికి వెళ్లింది. మర్నాడు వచ్చి చూస్తే ఆ పేజీ లేదు. దాని చోట కొత్త పేజీ, అందులో తొంభై ఒకటి అనే అంకె. ఆ సొరుగుకు తాళంచెవులు రెండే. ఒకటి ఆమె దగ్గర. రెండోది చల్లగదిని చూసుకునే పిన్ని దగ్గర. తల్లి పోయినప్పుడు తొమ్మిదేళ్ల పిల్లను తెచ్చుకుని పెంచిన సొంత పిన్ని దగ్గర.

*

శుక్రవారం, భోజనాలవేళ దాటాక, డైరెక్టరు నుంచి పిలుపు వచ్చింది.

ఆయన ఈ కేంద్రానికి వచ్చి ఏడాది అయింది. మాట మెత్తన, మనిషి శుభ్రం. బల్లమీద కాగితాలకన్నా, కాగితాలు ఎగిరిపోకుండా పెట్టే గాజు బరువులే ఎక్కువ. మాట్లాడుతూ వాటిని అటొకటి ఇటొకటి జరుపుతుంటాడు. పనివాళ్లెవరికీ ఆయనమీద ఫిర్యాదు లేదు. మొలకలమ్మాయికి నచ్చనిది అదే.

“రామ్మా, కూర్చో. తొంభై ఒకటట గదా! ఆ కబురు విన్నాకగాని నా మనసు కుదుటపడలేదనుకో.”

“నేనెవరికీ కబురు చెప్పలేదే సార్.”

ఆయన చేతికింది గాజు బరువు ఆగింది. మళ్లీ కదిలింది.

“పుస్తకం చూశాన్లే. సొరుగు తీసి ఉంటే, అటుగా వెళ్తూ ఓ చూపు వేశా.”

సొరుగు తీసి ఉంచి వెళ్లడం ఆరేళ్ల ఉద్యోగంలో ఆమె ఎన్నడూ చేయలేదు. కనక ఈయనైనా అబద్ధం చెబుతుండాలి, లేకపోతే పిన్ని ఆ కాగితం మార్చి సొరుగు మూయడం మరిచిపోయుండాలి. ముప్పై ఏళ్లు తాళాలు మోసిన మనిషి, ఇంట్లో పంచదార డబ్బాకు కూడా రెండుసార్లు మూత బిగించే మనిషి, తాళం వేయడం మరిచిపోతుందా?

“సార్, ఇంకొక్కసారి వంద గింజలు వేసి చూస్తాను. నా తృప్తి కోసం.”

“ఎన్ని రోజులు?”

“ఐదారు.”

“సోమవారం లారీలు పెట్టుకుని ఐదారు రోజులంటే ఎలాగమ్మా? అదును తప్పితే ఇంకో ఏడు పోతుంది. ఇన్నాళ్లూ పండించి నలుగురికీ పెట్టినవాళ్లు, ఇవాళ సంచి పట్టుకుని బియ్యం దుకాణం ముందు వరసలో నిలబడుతున్నారు. వాళ్లకి ఏమని చెప్పమంటావు?” అని, కాస్త ముందుకు వంగాడు. “ఏం, నీ పనిమీద నీకే అనుమానమా?”

నవ్వుతూనే అడిగాడు. అడిగి ఆమె చేతుల వైపు చూశాడు. ఒడిలో వేళ్లు బిగించుకుని కూర్చున్న సంగతి ఆమెకు అప్పుడే తెలిసింది.

చెప్పేయొచ్చు. ‘ఆ అంకె నాది కాదు సార్, నాది ఆరు’ అనడానికి ఎంతసేపు? ఆ వెంటనే ఆయన అడిగేది ఒకటే, రెండో తాళంచెవి ఎవరి దగ్గరుందని. పిన్ని రిటైరవడానికి ఇంకా నాలుగు నెలలుంది.

“అబ్బే, అదేం లేదు సార్.”

“మరింకేం. బస్తాలన్నిటికీ సీలు వేయించేశా. లారీ ఎక్కేదాకా ఎవరూ ముట్టుకోవద్దన్నా. మీ పిన్నికి ప్రత్యేకంగా చెప్పా.”

ప్రత్యేకంగా! ఆ మాట ఆమె చెవిలో గింగురుమంటూనే ఉంది, గది బయటికి వచ్చాక కూడా.

*

శనివారం ఒంటిపూట. అందరూ వెళ్లిపోయే హడావిడిలో ఉండగా ఆమె చార్టుల బీరువా తెరిచింది.

చల్లగది గోడకు గడియారంలాంటి యంత్రం ఒకటి ఉంటుంది. దానికి వారానికో గుండ్రటి కాగితం తగిలిస్తారు. లోపల ఎంత చల్లగా ఉందో ఒక పెన్ను ముల్లు ఆ కాగితం మీద గీసుకుంటూ పోతుంది. తలుపు తీసినప్పుడల్లా బయటి వేడి లోపలికి పోయి, గీత చిటికెడు పైకి లేచి దిగుతుంది. అలా లేచిన ప్రతిచోటా ఒక పన్ను. రోజుకు పది పన్నెండు పళ్లు. వారం గడిచేసరికి కాగితం మీద గుండ్రటి రంపం తయారవుతుంది.

గింజ ఊరికే చావదు. నలభై బస్తాలూ ఒక్కలాగా చచ్చాయంటే చల్లదనం పోయుండాలి, తేమ తగిలుండాలి. అది ఎప్పుడు జరిగిందో ఈ కాగితాలకు తెలియాలి. ఆమె ఈ నెలనుంచి వెనక్కి వెళ్లింది. రంపం, రంపం, రంపం. ఒక ఏడాది దాటింది, రెండోదీ అయిపోవచ్చింది. తుఫాను నెల వచ్చింది.

మూడు కాగితాలమీద పళ్లు లేవు. మూడు వారాలపాటు గీత చుక్క అటూఇటూ కాకుండా, చంద్రబింబంలా గుండ్రంగా తిరిగింది. మూడు వారాలు ఆ తలుపు ఎవరూ తీయలేదా? తీయలేదే అనుకుందాం. ఊరంతా కరెంటు లేక చీకట్లో ఉన్న వారాల్లో ఈ యంత్రం ఒక్కటీ ఎలా నడిచింది?

కాగితం వెనక్కి తిప్పింది. యంత్రానికి తగిలించడానికి ప్రతి చార్టు మధ్యలోనూ ఒక కంత ఉంటుంది. ఈ మూడింటికీ ఆ కంత వెనక చిన్న అట్టముక్క అతికించి ఉంది. బడిపిల్లల కంపాసు ముల్లు గుచ్చి ఆ గీత గియ్యాలంటే కంత కింద ఏదో ఒకటి ఉండాలి మరి. అట్టముక్క చుట్టూ జిగురు ఎంత పొందికగా రాసి ఉందంటే, తన స్కూలు పుస్తకాలకు అట్టలు వేసిన చెయ్యి ఎవరిదో ఆమె ఇక వెతుక్కోవలసిన పని లేకపోయింది.

వెనక చల్లగది తలుపు పెద్దగా నిట్టూర్చి తెరుచుకుంది. పిన్ని బయటికి వచ్చింది. మోకాళ్లదాకా వేలాడే మందపాటి కోటు, తలకు గుడ్డ, చేతిలో తాళాల గుత్తి.

“ఏం వెతుకుతున్నావే?”

“పాత పరీక్షల కాగితాలు పిన్నీ. ఏడాది నివేదికకి కావాలన్నారు.”

“చార్టుల బీరువాలో పరీక్షల కాగితాలు ఎందుకుంటాయి?”

“అందుకే దొరకట్లేదు కాబోలు,” అంది అమ్మాయి, మూడు చార్టులూ సంచీలోకి జార్చి.

పిన్ని నవ్వలేదు. బీరువా వైపు చూసింది, సంచీ వైపు చూసింది. కోటు విప్పి కొక్కేనికి తగిలించి, బీరువా తలుపు తానే మూసి, తాళం వేసి, వేసిన తాళాన్ని రెండుసార్లు లాగి చూసింది.

“పద. వచ్చే బస్సు పోతే మళ్లీ గంట కూర్చోవాలి.”

బస్సులో పక్కపక్కనే కూర్చున్నారు. దారి పొడవునా అమ్మాయి సంచీ ఒళ్లోనే పెట్టుకుంది.

*

సాయంత్రం పిన్ని వంటగదిలో బెండకాయలు తరుగుతోంది. మొలకలమ్మాయి మూడు చార్టులూ తెచ్చి, ఆ ముక్కల పక్కనే పరిచింది.

“ఇవేంటి పిన్నీ?”

పిన్ని వాటిని చూసి ఆశ్చర్యపోలేదు. చాకు కడిగి, తుడిచి, గూట్లో పెట్టింది. తడి చేతులు చీరకు అద్దుకుంది.

“పారెయ్యబుద్ధి కాలేదే. ముప్పయ్యేళ్లలో ఒక్క చార్టు పారెయ్యలేదు నేను. దొంగదైనా సరే.”

“నీకు నవ్వులాటగా ఉందా?”

“నవ్వుతున్నానా నేను?”

“ఆదివారం ఆదివారం మోకాళ్ల డాక్టరు దగ్గరికని వెళ్తున్నావు. నిన్న ఆయన ఆసుపత్రికి ఫోన్ చేశా. ఆదివారం వాళ్లసలు తలుపే తియ్యరట. ఏడాదిన్నర పిన్నీ! ఏడాదిన్నరనుంచి నువ్వు ఎక్కడికెళ్తున్నావో నాకు తెలీదు. ఆరు పోయి తొంభై ఒకటి వచ్చింది. ఇప్పుడు ఇవి. ఇంకా ఎన్ని ఉన్నాయో ముందే చెప్పు, ఒక్కసారే ఏడుస్తాను.”

పిన్ని స్టూలు లాక్కుని కూర్చుంది. కూర్చునేటప్పుడు మోకాలు పట్టుకుంది. అది మాత్రం నటన కాదు.

“తుఫాను మొదటి రోజే కరెంటు పోయింది. జనరేటరు రెండు రోజులు తిరిగింది, డీజిలు అయిపోయింది. రోడ్లమీద నీళ్లు. రావడానికి ఎవరూ లేరు. ఆ కేంద్రంలో నేనొక్కదాన్ని. నువ్వప్పుడు శిక్షణకని వేరే ఊళ్లో ఉన్నావు. తలుపు తీస్తే ఉన్న చల్లదనం పోతుందని నాలుగు రోజులు తలుపు తియ్యకుండా బయటే కాపలా కూర్చున్నా. ఐదోరోజు తలుపు సందుల్లోంచి నీళ్లు కారడం మొదలెట్టాయి.”

“అప్పుడే చెప్పుండాల్సింది.”

“చెప్పా. అప్పటి డైరెక్టరుకి చెప్పా. ఇప్పుడు రిటైరై ఎక్కడో కూతురింట్లో ఉన్నాడు. ఇది బయటికి పొక్కితే కేంద్రం మూసేస్తారు, ఆరొందల రకాల గింజలూ ఎవడో పట్టుకుపోతాడు, రేపు మన గింజ మనం వాడి గుమ్మంలో నిలబడి అడుక్కోవాలి అన్నాడు. ఆయన భయం ఆయనది. నాకూ నిజమేననిపించింది. మిగతావి గట్టి గింజలు, తట్టుకున్నాయి. ఉప్పువడ్లు ఒక్కటే సుకుమారం. కొత్త గింజ తెచ్చి నింపేద్దాం, అందాకా గీత గియ్యి అన్నాడు. గీశా.”

“కొత్త గింజ ఎక్కణ్ణుంచి తెస్తారు? ఆ రకం ఇంకెక్కడా లేదుగా.”

“లేదు. అందుకే ఆ ఐదోరోజు తలుపు తీశా.” పిన్ని గొంతు తగ్గించింది. “ఏడో అరలోంచి ఒక సంచీ నింపుకుని, మెడదాకా నీళ్లలో, నెత్తిన పెట్టుకుని నడిచా. నా చిన్నప్పటి స్నేహితురాలు ఒకామె ఉంది, మెరక మీద ఇల్లు. ఆమె పొలంలో వేశాం. మూడు పంటలు తీశాం. ఆదివారాలు నేను వెళ్లేది అక్కడికే. ఇప్పుడక్కడ నలభై బస్తాలు రెడీగా ఉన్నాయి. రేపు సాయంత్రం బండి మాట్లాడా. చచ్చినవి దించేసి బతికినవి పెట్టేస్తా. సోమవారం లారీలు ఎక్కేవి అవి.”

“సీలు వేశారు గదా.”

“ఆ సీలు ముద్ర ఎవరి దగ్గరుంటుందనుకున్నావు?” అని తాళాల గుత్తి చూపించింది. “తొంభై ఒకటి నా నోటికొచ్చిన అంకె కాదే. ఆ బస్తాల్లోంచి వంద గింజలు తెచ్చి, నీ లాగే తడికాగితం వేసి, నా మంచం కింద పెట్టుకుని చూశా. తొంభై ఒకటి మొలిచాయి. నీ పుస్తకంలో అబద్ధం రాయలేదు. రెండు రోజులు ముందు రాశా, అంతే.”

లేచి, పప్పుల డబ్బా వెనకనుంచి మడిచిన కాగితం ఒకటి తీసి ఇచ్చింది. చింపిన పేజీ. ఆరు. అమ్మాయి సొంత రాత.

మొలకలమ్మాయి గోడకు ఆనుకుంది. మెడలోతు నీళ్లలో నెత్తిన సంచీతో నడుస్తున్న పిన్ని కళ్లముందు కనిపించింది. పట్టుకుని ఏడవాలనిపించింది. కాని నమ్మినట్టే నమ్మిన మనసు మళ్లీ ఒక ప్రశ్న దగ్గర తడబడింది. ఇంత మంచి పని చేస్తున్న మనిషి, పక్కగదిలో పడుకునే తన దగ్గర ఏడాదిన్నర ఎందుకు దాచింది?

“నాకెందుకు చెప్పలేదు?”

“నీ సంతకం శుభ్రంగా ఉండాలని.”

మంచి జవాబే. మరీ సిద్ధంగా ఉన్న జవాబు.

“ఈ డైరెక్టరుకి తెలుసా?”

“ఆయన అప్పటికి రానేలేదుగా,” అంది పిన్ని, బెండకాయ ముక్కలు పళ్లెంలోకి ఎత్తుతూ.

అడిగింది అప్పటి సంగతి కాదు. కాని అమ్మాయి రెట్టించలేదు.

“రేపు నేనూ వస్తాను,” అంది.

పిన్ని చెయ్యి పళ్లెం మీదే ఆగింది. “ఎందుకే, ఎండలో?”

“బతికున్న గింజ నా కళ్లతో చూడాలి.”

*

ఆదివారం పొద్దున తొమ్మిదింటికల్లా బస్సు దిగి, మట్టిదారిన అరగంట నడిచారు. అమ్మాయి భుజాన సంచీ. సంచీలో మంచినీళ్ల సీసా, ఒక ఇనప గొట్టం. చివర సూదిగా ఉండి, పక్కన చీలిక ఉన్న గొట్టం అది. బస్తా విప్పకుండా గుచ్చితే ఎంత లోతునుంచైనా పిడికెడు గింజ తీస్తుంది.

మెరకమీద రేకుల ఇల్లు. ముందు పాక. ఇంటికి ఒక పక్కన పొలం. ఎదురొచ్చిన పొలమావిడ ఎముకలమీద చర్మం కప్పినంత సన్నగా ఉంది. పిన్నిని చూసి నవ్వబోయి, వెనక అమ్మాయిని చూసి నవ్వు మింగేసింది.

“ఒక్కదానివే వస్తావనుకున్నా.”

“మా అక్క కూతురు. చూస్తానంది.”

“చూడనీ, చూడనీ. ఏముంది చూడ్డానికి, బస్తాలేగా.” ఆవిడ గబగబా పాక వైపు నడిచింది. ఇంటి తలుపు మాత్రం దగ్గరకు వేసే ఉంచింది. మంచినీళ్లయినా అడగలేదు.

పాకలో నలభై బస్తాలు నిట్టనిలువుగా నిలబెట్టి ఉన్నాయి. పిన్ని ఒక బస్తా మూతి విప్పి, దోసిలితో గింజలు తీసి, తెచ్చి చూపించింది. ఉప్పువడ్ల గింజకు కొనదగ్గర సన్నని ఎర్రగీత ఉంటుంది, గోటితో గీసినట్టు. దోసిట్లో ప్రతి గింజకూ అది ఉంది. నిండుగా, బరువుగా, పసుపు మెరుపుతో, చూస్తే కడుపు నిండేట్టున్నాయి.

“ఇప్పుడైనా నమ్ముతావా?” అంది పిన్ని.

అమ్మాయి తల ఊపింది. ఊపుతూనే పొలం వైపు చూసింది. నాలుగైదు బస్సులు పక్కపక్కన ఆపితే నిండిపోయేంత మడి. కోసిన మోళ్లు ఇంకా ఉన్నాయి. ఆరేళ్లుగా విత్తనం లెక్కలే ఆమె పని. ఇంత మడిలో పంటకు మూడు బస్తాలు దిగితే గొప్ప.

“నలభై బస్తాలూ ఇందులోనే పండాయా పెద్దమ్మా?”

పొలమావిడ జవాబు చెప్పేలోపే పిన్ని అందుకుంది. “కాలవ అవతల ఇంకో రెండెకరాలు వేసిందే.”

“నువ్వు చూశావా?”

“ఈ మోకాళ్లతో, కాలవకి అడ్డంగా వేసిన ఆ దుంగమీద నడుస్తానా నేను?”

అమ్మాయి సంచీ అక్కడే పెట్టి కాలవ వైపు నడిచింది. “అక్కడంతా బురదమ్మా, వద్దు,” అని వెనకనుంచి పొలమావిడ కేకేసింది. దుంగమీద రెండు చేతులూ చాపుకుని అవతలికి దాటింది. గట్టెక్కి చూసింది. తుంగ. మనిషెత్తు తుంగ, చూపు ఆనినంత మేరా. దాని వేళ్లచుట్టూ నేలమీద తెల్లగా ఉప్పు పేరుకుని ఉంది. ఆ నేలను నాగలి తాకి ఎన్నేళ్లయిందో.

తిరిగి వచ్చేసరికి ఇద్దరు ఆడవాళ్లూ దగ్గరగా నిలబడి ఏదో మాట్లాడుకుంటున్నారు. ఆమెను చూసి మాట ఆపేశారు.

అమ్మాయి సంచీలోంచి గొట్టం తీసింది. విప్పని బస్తా ఒకటి చూసి, కడుపులో మోచెయ్యి లోతున గుచ్చి, బయటికి లాగి అరచేతిలో వంపింది. గింజలు నిండుగానే ఉన్నాయి. వేస్తే మొలుస్తాయి కూడా. కాని ఒక్కదానికీ ఎర్రగీత లేదు.

రెండో బస్తా. లేదు. ఐదో బస్తా, పదకొండో బస్తా. పైన నాలుగు వేళ్ల మందాన ఉప్పువడ్లు, కిందంతా మామూలు వరి. తీరంలో వేస్తే పచ్చగా మొలిచి, వారం తిరక్కుండా ఉప్పుకు మాడిపోయే వరి. నలభై ఊళ్లు ఆ మొలకలు చూసి సంబరపడతాయి, ఆ తర్వాత నెత్తీనోరూ బాదుకుంటాయి. అదొక్కటే కాదు. ప్రపంచంలో మిగిలిన మంచి ఉప్పువడ్లన్నీ ఇప్పుడు ఈ నలభై బస్తాల పైపొరలోనే ఉన్నాయి. బండి కుదుపులకు పైవీ కిందవీ కలిసిపోతే, మళ్లీ గింజగింజా ఏరి వేరుచేయడం ఎవరి తరమూ కాదు.

“పిన్నీ, నువ్వు గింజలు ఎక్కణ్ణుంచి తీశావు? పైనుంచే కదూ?”

“ప్రతి బస్తా మూతీ విప్పి, పిడికెడేసి తీశా.” పిన్ని ఆమె అరచేతిలోకి వంగి చూసింది. కళ్లజోడు పైకి తోసుకుని మళ్లీ చూసింది. మొహం మాసిన గుడ్డలా అయిపోయింది. “ఇదేంటే?” అంది పొలమావిడ వైపు తిరిగి. “ఏం నింపావే ఇందులో?”

“నన్నడుగుతావేం? నువ్వెలా నింపమంటే అలా నింపా.”

“నేనా? నేను నింపమన్నానా?”

“మరి ఎవరు? మూడు బస్తాలు పండితే నలభై ఎలా చెయ్యనే అంటే, ఏదో ఒకటి చెయ్యి, సోమవారానికి నలభై ఉండాలి అన్లేదూ నువ్వు?”

“ఉండాలంటే పండించమని గాని, కల్తీ చెయ్యమన్నానా? నోటికి ఎంతొస్తే అంత అనకు!”

“అరవకు. అరిస్తే అబద్ధం నిజమైపోదు.”

మొలకలమ్మాయి ఇద్దరినీ చూస్తూ నిలబడింది. ఒకామె చెంపలమీద కన్నీళ్లు. ఇంకొకామె పెదవులు బిగిసి ఉన్నాయి. ఎవరి మాటకు వాళ్ల మొహం సరిగ్గానే అతికింది. నలభై ఏళ్ల స్నేహితురాళ్లు పోట్లాడుకుంటున్నట్టే ఉంది. తనకోసం పోట్లాడి చూపిస్తున్నట్టూ ఉంది.

ఇక ఆలోచించడానికి ఏమీ లేదు. ఈ బస్తాలు ఇక్కణ్ణుంచి కదలకూడదు, ఆ లారీలు అక్కణ్ణుంచి కదలకూడదు. లారీలు ఆపగలిగినవాడు డైరెక్టరు ఒక్కడే. ఆయనకు చెప్పాలంటే మూడు చార్టులూ, చింపిన పేజీ, మొత్తం చెప్పాలి. చెబితే పిన్ని ఉద్యోగం పోతుంది. ఆ పైన ఏం జరుగుతుందో తలుచుకోవడానికి ఆమెకు ధైర్యం చాలలేదు. తొమ్మిదేళ్ల వయసులో తనకు జ్వరం వస్తే, రాత్రంతా తడిగుడ్డ మార్చిన చేతులు ఎదురుగా గింజలు పట్టుకుని ఉన్నాయి.

ఆమె ఫోను తీసింది.

“ఎవరికే?” పిన్ని రెండడుగులు ముందుకు వేసింది.

“డైరెక్టరుకి. క్షమించు పిన్నీ. ఆ నలభై ఊళ్లకీ ఈ గింజ పంపలేను.”

“పంపొద్దు. నేనూ పంపమనను. కాని ఆయనకి చెయ్యకు.” పిన్ని ఆమె మణికట్టు పట్టుకుంది. చెయ్యి చల్లగా ఉంది. “పోలీసులకి చెయ్యి, పేపరువాళ్లకి చెయ్యి, నన్ను పట్టిచ్చెయ్యి. ఆయనకి మాత్రం వద్దు తల్లీ.”

“ఎందుకు?”

పిన్ని నోరు తెరిచింది. పొలమావిడ దగ్గింది. పిన్ని నోరు మూసుకుంది.

మొలకలమ్మాయి చెయ్యి విడిపించుకుని, పేరు వెతికి, బొటనవేలితో నొక్కి, ఫోను చెవికి ఆనించింది. కాసేపు ఏమీ వినపడలేదు. తర్వాత అవతల మోగుతున్న చప్పుడు చెవిలో మొదలైంది.

దాంతోపాటే ఇంకో చప్పుడు. పాక వెనక, దగ్గరకు వేసిన ఇంటి తలుపు లోపల, ఎవరిదో ఫోను మోగుతోంది.

ఆమె కాల్ ఆపేసింది. లోపలి చప్పుడూ ఆగిపోయింది.

పొలమావిడ ఆ తలుపు వైపు చూసింది. పిన్ని తన కాళ్లకింద నేల వైపు చూసింది. ఇద్దరిలో ఒక్కరూ ఉలిక్కిపడలేదు.